చప్పుడు చేయని ఆకులు

మీ ఇంటి ముందు చెట్టేదైనా ఉంటే, దాని కింద ఎండాకులు రాలి ఉంటే, ఇది పక్కన పెట్టి ఒక్కసారి వెళ్ళి వాటిని తొక్కి రండి. నేను ఆగుతాను. చప్పుడైందా? సంతోషం. ఎందుకడిగానో చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే నన్ను తిట్టుకుని చదవడం మానేస్తారు. తిట్టుకోవాల్సింది ఇంకా చాలా ఉంది.

నా పేరు ఇందుమతి. ఇరవై రెండేళ్ళుగా బూజుల మీద పరిశోధన చేస్తున్నాను. ఇంట్లో పచ్చడి జాడీకి బూజు పడితే మా అమ్మ ఇప్పటికీ నా వైపే అనుమానంగా చూస్తుంది. నల్లమల అడవిలో ఈతగుండం అనే చెంచుల పెంట, అంటే వాళ్ళ గూడెం, ఉంది. దానికి మైలు దూరంలో ఉన్న రేకుల షెడ్డే మా ప్రయోగశాల. తెల్లబూజును అక్కడే తయారు చేశాను. నా కింద నలుగురు పనిచేశారు గనక చేశాం అనాలేమో. కానీ వాళ్ళకి నేను చెప్పింది చేయడమే తెలుసు, పాపం. ఆలోచన నాది, పట్టుదల నాది.

పట్టుదలకి కారణం మా తమ్ముడు సుదర్శన్. అదే అడవిలో బీట్ ఆఫీసరుగా చేసేవాడు. ఓ మార్చి నెలలో జోడుబండల వాలులో మంట లేస్తే ఆర్పడానికి పోయాడు. వాడికి కొత్త బూట్లు ఇచ్చిపోదామని నేను ఆ రోజు రేంజి ఆఫీసుకొచ్చి కూర్చున్నాను. వైర్‌లెస్ సెట్టులో వాడి గొంతు వచ్చింది. "గాలి తిరిగింది సార్. ఇక్కడ ఎండాకు మోకాలి లోతుంది..." అన్నాడు. ఆ తర్వాత మాట లేదు. బటన్ మీద వేలు అలాగే ఉండిపోయిందేమో, చిటపటా చిటపటా ఆకులు కాలే చప్పుడు మాత్రం చాలాసేపు వచ్చింది. సెట్టు ఆపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. నేను బూట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని అదంతా విన్నాను.

అడవిలో మంట పాకేది కింద రాలిన ఆకు మీదే. అందుకే అటవీశాఖ వాళ్ళు ఏటా ఫైర్ లైన్లు గీస్తారు. అంటే అడవి మధ్య బాటల్లాగా చేసి అక్కడ ఆకంతా ఊడ్చి కాల్చేస్తారు. అంత అడవిలో ఎంతని ఊడుస్తారు, నా తలకాయ! అసలు ఆకే అంటుకోకుండా చేస్తే? ఏడేళ్ళు నేను ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే నిద్ర లేచాను.

"లింగీ, అగ్గిపుల్ల గీయి" అన్నాను ఒక మధ్యాహ్నం.

లింగి షెడ్డులో గాజు సామాను కడిగే పిల్ల. ఇరవై ఏళ్ళుంటాయి. వాళ్ళ నాయన బయ్యన్న అటవీశాఖలో ఫైర్ వాచరు. మంటల మీద కన్నేసి ఉంచడం ఆయన ఉద్యోగం. పళ్ళెంలో వారం కిందట బూజు చల్లిన టేకాకులు ఉన్నాయి. తెల్లటి నూలుపోగులు వాటి ఈనెల వెంట అల్లుకుని ఉన్నాయి. తెల్లవారుజామున మంచు తాగి, మిట్టమధ్యాహ్నం దాకా ఆ తడి వదలకపోవడం ఆ బూజు గుణం. లింగి పదకొండు పుల్లలు గీసింది. పదకొండూ ఆరిపోయాయి.

"ఏంది మేడమ్ ఇది, ఆకా గుడ్డపీలికా?" అంటూ ఒక ఆకును పిడికిట్లో నలిపి చెవి దగ్గర పెట్టుకుంది. "అబ్బ, చప్పుడే లేదు!"

నేను గట్టిగా నవ్వాను. ఏడేళ్ళలో అంతగా ఎప్పుడూ నవ్వలేదు. ఆ చప్పుడు పోవడమే కదా నాక్కావాల్సింది.

అడవిలో చల్లడానికి ముందు, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, ఒక పొద్దున్నే పెంట వైపు వెళ్ళాను. ఇప్పచెట్టు కింద బయ్యన్న ఆకు కాల్చి నేల శుభ్రం చేశాడు. పువ్వు పడితే తేలిగ్గా కనపడాలని పెంటలో అందరూ చేసే పనే అది. మా ఆఫీసు నమ్మకం ప్రకారం సగం మంటలు అక్కడే పుడతాయి. అంతటితో ఆగాడా? చెట్టుకి ఇరవై అడుగుల అవతల గంపలతో ఎండాకు తెచ్చి చుట్టూ గట్టులాగా పోస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"బుద్ధుందా బయ్యన్నా? ఫైర్ వాచరువి నువ్వే మంట పక్కన ఆకు పోగేస్తావా?"

"కాల్చేది అయిపోయినాకే పోస్తా అమ్మా. ఇది ఇనేదానికి..."

"వినేదేమిటి? ముందు నేను చెప్పేది విను!"

ఆయన భార్య ఈదమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మనిషి గడగడా మాట్లాడుతుంది, ఎవర్నీ వదిలిపెట్టదు. "మేమందరం నడుమొంచి ఏరుకుంటాం మేడమ్, ఈయన మాత్తరం మద్దిన కూకుంటాడు. కూకునుండేదే ఈయన పని" అంది. మొగుడి సోమరితనాన్ని ఆటపట్టిస్తోందనుకుని నేనూ నవ్వాను. నోటుబుక్కులో 'ఆకు గట్లు పోయడం వట్టి అజ్ఞానం, తొలగించాలి' అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

డిసెంబరులో డ్రోన్లతో చల్లాం. గంజిలో కలిపిన బూజు విత్తనం, ముందుగా పెంటల చుట్టుపక్కల. పెంటల్లో ఇక ఆకు కాల్చకూడదనీ, గట్లు పోయకూడదనీ నా సలహా మీదే ఉత్తర్వులు వెళ్ళాయి. ఫిబ్రవరిలో ఆకు రాలింది. రాలిన వారానికి మెత్తబడింది. నేను అడవిలో నడిచి చూశాను. కాలి కింద చప్పుడు లేదు. నా చెవిలో ఏళ్ళ తరబడి మోగిన చిటపట ఆ రోజు ఆగింది. అక్కడే ఒక బండ మీద కూర్చుని హాయిగా ఏడ్చాను.

ఇప్పపువ్వు రాలడం మొదలైన ఐదో రోజు పొద్దున్నే లింగి పరిగెత్తుకుంటూ షెడ్డుకొచ్చింది. నా చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. ఇప్పచెట్టు కింద ఈదమ్మ గంప తిరగబడి ఉంది. పువ్వు చుట్టూ చెల్లాచెదురుగా పడి ఉంది. ఎవరో ఆమె మీద దుప్పటి కప్పారు. ఇప్పపువ్వంటే ఎలుగుబంటికి ప్రాణం. అది వెనక నుంచి వచ్చింది. వంగి ఏరుకుంటున్న ఆమెకు, దగ్గర్లోనే కూర్చున్న బయ్యన్నకు, మీద పడేదాకా తెలియలేదు.

బయ్యన్న చెట్టు మొదట్లో కూర్చునే ఉన్నాడు. కంటి చూపు ఆయనకి ముందే మందగించింది. ఆయన పక్కకి నడుస్తుంటే నా అడుగుల చప్పుడు నాకే వినపడలేదు. అప్పుడు తెలిసింది నాకు. ఆ గట్టు ఎందుకో, మధ్యలో కూర్చోవడం ఏం పనో, 'ఇనేదానికి' అంటే ఏమిటో, అన్నీ ఒక్క క్షణంలో తెలిసొచ్చాయి. ఎలుగైనా, పామైనా, మనిషైనా ఎండాకు తొక్కకుండా ఆ చెట్టు కిందికి రావడం కుదరదు. వాళ్ళు ఏరుకుంటే ఆయన కాపలా వినేవాడు. ఆ కాపలాను నేను బూజుకి తినిపించేశాను.

రేంజర్ కోదండపాణి అక్కడే విచారణ చేశాడు.

"నువ్వు కూర్చునే ఉన్నావు గదా. వినపళ్ళేదా?"

"ఇనపడలా సార్. 'యాడా ఏం లేదు, ఏరుకోవే' అని నేనే సెప్పినా. ఈ నోటితోనే సెప్పినా. పది దినాల నుంచీ అనుమానమే నాకు, సెవులు పోతుండాయని. పనికిమాలినోడు అంటారని ఎవురికీ సెప్పలా."

"మరి నేనడిగేది వినపడుతోందే?"

"మాటలు ఇనపడతాయి సార్. అడివే ఇనపడడంలా."

కోదండపాణి మంచివాడే. కాగితం మీద 'కాపలాదారుకి వినికిడి లోపం వల్ల' అని రాశాడు. సాక్షిగా సంతకం పెట్టమని నాకిచ్చాడు. నేను నిజం చెబితే బూజు చల్లడం ఆ రోజే ఆగిపోతుంది. ముందు ఎండాకాలం ఉంది. వైర్‌లెస్ సెట్టు దగ్గర ఇంకెవరి అక్కో కూర్చోవాలి. ఇలా అనుకున్నాను. ఇది సాకా, నిజమా, మీరే తేల్చుకోండి. సంతకం పెట్టాను.

ఆ ఎండాకాలం మేము చల్లిన మేరలో ఒక్క మంట లేదు. ఒక్క వాచరుకి చేయి కాలలేదు. నాకు అభినందన లేఖ వచ్చింది. ఊళ్ళో ఎవరో శాలువా కప్పారు. వేరే అడవులకీ, పక్క రాష్ట్రాలకీ మా బూజును గంజి డబ్బాల్లో పంపించారు. అదే ఏడు జింకపిల్లలు కనపడటం తగ్గింది. చిరుత అడుగు వాటికి మాత్రం వినపడాలిగా.

బయ్యన్న ఉద్యోగం మానేశాడు. గుడిసె ముందు, అడవికి వీపు పెట్టి కూర్చునేవాడు. పట్నంలో డాక్టరు చెవులకి మిషను పెట్టి చూసి శుభ్రంగా ఉన్నాయన్నాడు. "ఆ మిషను కూ అంటాది. అడివి కూ అంటాదా?" అన్నాడట ఈయన. పెంటలో జంతువు వస్తే మోగేలా సైరన్లు పెట్టించాను. అవి కొండముచ్చుకీ మోగాయి, కోడికీ మోగాయి, చివరికి గాలికి కూడా మోగి జనాన్ని చంపుకు తిన్నాయి. నాలుగో రోజు పెంటవాళ్ళే వైర్లు పీకేశారు.

లింగి ఏడాది పాటు నాతో పనిమాట తప్ప వేరే మాట్లాడలేదు. మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. ఒక రోజు కడిగిన సీసాలు బోర్లించి, చేతులు తుడుచుకుని, నా బల్ల ముందు నిలబడింది.

"పువ్వు పడే దినాలొస్తుండాయి మేడమ్. నేను పోతా."

"ఎవరితో?"

"ఎవురుండారు? ఒక్కదాన్నే. ఆ చెట్టు మా అమ్మది. మా నాయన రాడు, నన్ను పొమ్మనడు, వద్దనీ అనడు. నా సెవులు పోయి దాన్ని సంపుకున్నా అంటాడు, అంతే."

"నువ్వు చెప్పలేదా? ఆకు మెత్తబడడం వల్ల అని?"

"నూరుసార్లు సెప్పినా! జాలిపడి అంటుండావులే అంటాడు. గవర్మెంటు కాగితంలో రాసుండారు గదా, ఆ బూజు చేసినామే సంతకం పెట్టింది గదా, ఆమెకి తెలీదా అంటాడు." లింగి బల్ల మీదికి వంగింది. "మీకు తెలుసు గదా మేడమ్? ఆ పొద్దే తెలుసు గదా?"

నేను నోటుబుక్కులో అంకెలు చూస్తున్నట్టు నటించాను. ఆ పిల్ల వెళ్ళిపోయింది. నా మొహం మీద ఉమ్మేసినా ఇంకా నయంగా ఉండేది.

ఆదివారం మార్కాపురంలో మా ఇంటికి వెళ్ళాను. అమ్మ బాదంచెట్టు కింద ఊడుస్తోంది. బాదం ఆకులు ఎర్రగా ఎండి, చీపురు తగిలితే గలగలమంటున్నాయి. నేను గోనెసంచి తెచ్చి నింపడం మొదలుపెట్టాను.

"ఏం ఇందూ, చెత్త కూడా పరిశోధనేనా?" అంది అమ్మ.

"ఊళ్ళో ఇంకెవరింట్లో చెట్లున్నాయమ్మా?"

నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. కొంగు బిగించుకుని తనే నాలుగిళ్ళు తిరిగి ఊడ్చుకొచ్చింది. సాయంత్రానికి ఎనిమిది సంచులయ్యాయి. అవి జీపులో వేసుకుని అడవిలోకి పోతుంటే చెక్‌పోస్టు దగ్గర గార్డు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అడవిలోకి ఎండాకులు మోసుకుపోయే మనిషిని వాడెక్కడ చూసి ఉంటాడు?

మర్నాడు పొద్దున లింగీ నేనూ కలిసి ఆ ఆకులన్నీ గుడిసె ముందు, బయ్యన్న చుట్టూ వలయంగా పోశాం. ఆయన వీపు తిప్పుకునే ఉన్నాడు.

"ఏందమ్మా ఇదంతా?"

"కూర్చో బయ్యన్నా. ఊరికే కూర్చో."

నేను ఆకుల మీద కాలు పెట్టాను. చిటపట. వైర్‌లెస్ సెట్టు, బూట్ల డబ్బా, రేంజి ఆఫీసు గోడ గడియారం, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. 'అక్కా' అని వాడు పిలిచినట్టే అనిపించింది. ఆగిపోదామనుకున్నాను. ఆగకుండా నడిచాను.

బయ్యన్న తలెత్తాడు. మెడ కొంచెం పక్కకి తిప్పాడు. "నువ్వే గదా అమ్మా. కుడికాలు ఈడుస్తుండావు" అన్నాడు. చిన్నప్పుడు విరిగిన కాలు నాది. నేను ఈడుస్తానని మా అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు.

అటు వైపు నుంచి లింగి నడిచింది.

"లింగి... బిందె మోసుకొస్తుండాది. నిండు బిందె." అప్పుడే పెంట కుక్క ఒకటి ఆకుల్లోంచి దాటింది. "కుక్క. కుంటిది." చేతులతో రెండు చెవులూ తడుముకున్నాడు. "ఇనపడతుండాదే! నా సెవులు బాగుండాయే లింగీ!" అని చిన్నపిల్లాడిలా నవ్వేశాడు. ఆ నవ్వు రెండు నిమిషాలుందేమో. తర్వాత నెమ్మదిగా ఆరిపోయింది.

"అయితే ఆ పొద్దు ఎందుకు ఇనపడలా?"

చెప్పాను. మంచు తాగే బూజు, మెత్తబడిన ఆకు, నేను తీయించిన గట్టు, అన్నీ చెప్పాను. లింగి బిందె కింద పెట్టి అలాగే నిలబడింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. చెట్టు దగ్గరే."

"తెలిసే సంతకం పెట్టినావా?"

"పెట్టాను."

తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన ఒక బాదం ఆకు తీసుకుని వేళ్ళ మధ్య నలిపాడు. అది పొడి అయ్యేదాకా వింటూనే ఉన్నాడు.

"ఏడాది పొడుగూతా నేనే సంపుకున్నాననుకున్నా గదమ్మా" అన్నాడు. "కూడు తిన్నప్పుడల్లా అదే. పడుకున్నప్పుడల్లా అదే. దాని గోరీ కాడికి గూడా పోలా, ఏ మొకం పెట్టుకుని పోవాలని."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"పో అమ్మా, ఇంక పో" అన్నాడు. నేను వెనక్కి తిరిగి ఆకుల మీద నుంచి నడిచాను. అవతలికి చేరేసరికి మళ్ళీ పిలిచాడు. "ఆగు. ఈ ఆకు ఎన్నాళ్ళుంటాది?"

"ఇక్కడ వారం. తర్వాత మెత్తబడుతుంది."

"పువ్వు నెల దినాలు పడతాది. వారం వారం తెచ్చియ్యి. లింగి పోతానంటుండాది గదా, నేను ఇనాల."

అదీ ఆయన నాకు వేసిన శిక్ష. క్షమించానని అనలేదు, ఇప్పటికీ అనలేదు. నేను తెచ్చే ఆకులు పుచ్చుకుంటాడు. గుడిసెలోకి మాత్రం రమ్మనడు.

సంతకం వెనక్కి తీసుకుంటున్నానని పై వాళ్ళకి రాశాను. బయ్యన్న చెవుల్లో లోపం లేదు, లోపం నా బూజులో ఉంది అని రాశాను. ఉత్తరం అందినట్టు జవాబొచ్చింది, అంతే. బూజును చంపే మందు కోసం షెడ్డులో రాత్రింబగళ్ళు పనిచేస్తున్నాం. పళ్ళెంలో చస్తుంది, అడవిలో చావదు. అడవి దాటి బతకదని నేనే ఒకప్పుడు సంతకం పెట్టి మరీ చెప్పాను. నా సంతకాల విలువ మీకు తెలిసిందిగా.

ఇది మూడో ఏడు. మొన్న జనవరిలో మా అమ్మ బాదంచెట్టు కింద ఊడుస్తూ ఊడుస్తూ ఆగిపోయింది. నిటారుగా నిలబడి చీపురు వంక చూసింది. మళ్ళీ రెండుసార్లు ఊడ్చింది.

"ఇందూ, ఊడుస్తుంటే చప్పుడు రావడంలేదే. నాకు చెవుడొచ్చిందంటావా?"

పరుగున వెళ్ళి ఆకు తీసి చూశాను. ఈనె వెంట సన్నటి తెల్లపోగు. "నీ చెవులు బాగున్నాయమ్మా" అన్నాను. ఈసారి ఆ మాట చెప్పడానికి ఏడాది తీసుకోలేదు.

పోయిన వారం ఆకులు కడప అవతల నుంచి తెచ్చాను. ఈ వారం అనంతపురం దాటి వెళ్ళాల్సి వచ్చింది. జీపు నిండా ఎనిమిది సంచులు. బయ్యన్న వాటిని ఇప్పచెట్టు చుట్టూ పోయించుకుని, మధ్యలో కూర్చుని, ఒక ఆకు నలిపి విన్నాడు.

"ఇది కొత్తాకు. ఏ ఊరిది?"

చెప్పాను.

"అంత దూరం పోయినావా? దాని అవతల ఇంకా ఎండాకు ఉండాదా?"

లింగి వంగి పువ్వు ఏరుతోంది. వలయం బయట, నా చోట నేను కదలకుండా కూర్చున్నాను. కదిలితే ఆయన వినికిడికి అడ్డం. ఆయన మెడ కొంచెం పక్కకి తిప్పి వింటున్నాడు. లింగి ప్రాణమంతా ఆ ఎనిమిది సంచుల ఆకుల మీద ఉంది. అవి ఇప్పుడు వారం కూడా ఆగవు, నాలుగు రోజుల్లో మెత్తబడతాయి.

అందుకే మొదట్లో అలా అడిగాను. మీ ఇంటి ముందు ఆకులు ఇంకా చప్పుడు చేస్తుంటే వాటిని తడపకండి, కాల్చకండి. ఒక సంచిలో పోసి, మూతి గట్టిగా కట్టి, ఈతగుండం పెంట, బయ్యన్న పేరున పంపండి. చప్పుడు కాకపోతే మీ చెవులు బాగానే ఉన్నాయి. తప్పు నాది.